పడమటి వైపు నీడ

నాజిమ్‌ని మా పేటలో అందరూ ఇంజనీరు అనేవారు. నిజానికి ఆయన ఇంజనీరు కాదు. బస్రా నగరసభ తోటల విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు పార్కుల నక్షాలు గీశారు. ఆయన నా భర్త. ఈ ఫిబ్రవరిలో చనిపోయారు.

ఆయన స్థలం చూడగానే కాగితం తీసేవారు కాదు. సున్నం డబ్బా పట్టుకుని పొద్దున్న ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఇంకోసారి వెళ్లి, గోడల నీడ ఎక్కడిదాకా వస్తుందో అక్కడ నేలమీద గీత పోసేవారు. "ఈ ఊళ్లో పార్కు అంటే పూలు కాదు. సాయంత్రం అయిదింటికి పడే నీడ. అది ఎక్కడ పడితే బెంచీ అక్కడ," అనేవారు. పై అధికారులకు మాత్రం పచ్చిక కావాలి. వాళ్లు అడిగినట్టే గీసి ఇచ్చేవారు. జులైకి అది మాడిపోయేది. మరుసటి ఏడు మళ్లీ అదే గీయమనేవారు. అలా సగం జీవితం గడిచింది.

మా పేట పార్కు ఒక్కటే ఆయన ఇష్టప్రకారం గీసుకున్నది. పడమటి అంచున వరసగా దమాస్ అనే చెట్టు మొక్కలు ఇరవై రెండు పెట్టించారు. అప్పట్లో ఊరంతా అవే పెట్టింది. ఉప్పునీళ్లు పోసినా పెరుగుతాయి, మూడేళ్లలో గోడలా కమ్ముకుంటాయి. హజ్ చేసొచ్చిన పెద్దావిడ, పార్కు పక్కింటి హజ్జియా వజీహా, ఆవిడ తోటి ఆడవాళ్లు రోజూ అసర్ తర్వాత ఆ నీడన చాప పరిచి, ఎండు నిమ్మకాయ టీ తాగుతూ, గుమ్మడి గింజలు కొరుకుతూ పొద్దుగూకే వేళ మగ్రిబ్ పిలుపు దాకా కూర్చునేవారు.

ఆ చెట్లు పెట్టిన పదిహేనో ఏట హజ్జియా వంటింట్లోకి మురికినీళ్లు ఎగదన్నాయి. పనివాళ్లు తవ్వి, గొట్టంలోంచి ఆడవాళ్ల జడంత పొడవు వేళ్లు లాగారు. ఆయన వెళ్లి ఆ వేళ్లు చేత్తో పట్టుకుని చూశారు.

"ఈ వేళ్లు నా చెట్టువే, హజ్జియా."

"నీ చెట్టెలా అవుతుంది? దాని కింద పన్నెండేళ్లు కూర్చున్నది నేను. నీళ్లంటావా, గుడ్డ పెట్టి తుడుచుకుంటాలే. దాన్ని ముట్టుకున్నావో, అబూ రీమ్, నీ మొహం చూడను," అంది. మా అమ్మాయి రీమ్ పేరున ఆయన్ని అలాగే పిలిచేది.

కానీ అది ఒక్క వంటింటి సంగతి కాదు. తాగే నీళ్ల గొట్టాలు కూడా పగిలాయి. ఆ వీధిలో పిల్లలకు వరసగా విరేచనాలు పట్టుకున్నాయి. ఏప్రిల్‌లో అన్ని చెట్లూ కొట్టేయమని ఉత్తర్వు వచ్చింది. దానికింద ఆయనే సంతకం పెట్టారు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కూలబడ్డారు.

"ఎవరో చెప్తే పెట్టినవి కావు. నీడ తొందరగా రావాలని నేనే పెట్టాను," అన్నారు.

వాటి చోట రేగు మొక్కలు నాటించారు. వాటి వేళ్లు గొట్టాల జోలికి అంతగా పోవు. పైగా మా వైపు రేగు చెట్టు మీద గొడ్డలి వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు, కొట్టినవాడి ఇంటికి కీడు అంటారు. ఒకసారి ఎదిగితే ఇక దానికి కాపలా అక్కర్లేదని ఆయన లెక్క. కాకపోతే ఎదగడానికి ఎనిమిదేళ్లు.

"శవాలకి స్నానం చేయించే ఆకు కదయ్యా ఇది! మా కోసం ఇప్పట్నుంచే సిద్ధం చేస్తున్నావా?" అంది హజ్జియా.

"ఎనిమిదేళ్లు పడుతుంది, హజ్జియా."

"సరే, అందాకా చావనులే. కానీ కూర్చోడమెక్కడ?"

ఆయన్ని పట్టి పీడించిన ప్రశ్న అదే. మా పేటకు కరెంటు అమ్మే షాకిర్ ఆ స్థలంలో రెండో జనరేటర్ పెట్టుకుంటానని వార్డు వాళ్లకు అర్జీ పెట్టుకున్నాడు. జులైలో ఒకరోజు అసర్ తర్వాత వచ్చి చూస్తామని, పార్కులో జనం లేకపోతే ఇచ్చేస్తామని వాళ్లు చెప్పారు. ఒక్క ఎండాకాలం ఖాళీగా ఉంటే పార్కు పోయినట్టే.

ముందు ఖర్జూరపు దుంగలు పాతించి పైన రెల్లు చాపలు కట్టించారు. రెండో రోజే దుమ్ముగాలికి లేచిపోయాయి. మళ్లీ కట్టించారు, మళ్లీ పోయాయి. ఆ సాయంత్రం మొక్కలకు నీళ్లు పోయడానికి ట్యాంకర్ వచ్చి పడమటి అంచున ఆగింది. ఆయన కాసేపు దాన్నే చూసి డ్రైవర్ దగ్గరికి వెళ్లారు.

"కాజిమ్, నీళ్లు పట్టాక బండి ఇక్కడే ఓ గంటన్నర ఉంచు నాయనా."

"దేనికి, ఉస్తాద్?"

"ఇటుపక్క నీడ పడుతోందిగా."

"నా బండి చెట్టులా కనిపిస్తోందా మీకు?"

"ఎనిమిదేళ్ల పాటు చెట్టే అనుకో."

కాజిమ్ పడీపడీ నవ్వాడు. కానీ రోజూ ఆగాడు. వార్డు వాళ్లు వచ్చిన రోజు ట్యాంకర్ పక్కన తొమ్మిదిమంది ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. షాకిర్‌కి ఒళ్లు మండింది.

"ఇది పార్కా? లారీ పక్కన కూర్చుని పార్కంటారేంటి హజ్జియా!"

"నువ్వు పోయి నీ జనరేటర్ పక్కన కూర్చోరా. ఎంతసేపు ఉండగలవో మేమూ చూస్తాం."

వార్డు నుంచి వచ్చినాయన నవ్వాపుకుని, జనం ఉన్నారని రాసుకున్నాడు. వచ్చే ఏడు మళ్లీ వచ్చి చూస్తామన్నాడు.

ఆయన ఇంటికొచ్చి రొట్టె ముక్క తుంచి, తినకుండానే పక్కన పెట్టేశారు. "ఈ ఏడాదికి గడిచింది," అన్నారు. ఇంకా ఏడేళ్లు మిగిలాయని ఇద్దరం అనుకున్నాం. పైకి మాత్రం అనలేదు.

ఆయన లేకుండా మళ్లీ జులై వచ్చింది. రేగు మొక్కలు నా నడుం దాకా వచ్చాయి. కాజిమ్‌ని వేరే పేటకు మార్చారు. కొత్త డ్రైవర్ నీళ్లు పట్టి, పైపు చుట్టేసి ఎక్కబోతుంటే నేను వెళ్లి బండి కాసేపు ఆపమని అడిగాను.

"ఆపమని కాగితం ఉందా అమ్మా?"

"కాగితం లేదు బాబూ. ఈ గురువారం వార్డు వాళ్లు వస్తారు. అందాకైనా ఆపు."

"ఇంకా మూడు పేటలకి నీళ్లు పోయాలి."

వెనక హజ్జియా అప్పటికే చాప పరిచేసింది. "వాణ్ణి అడిగేదేంటి, బండి కాస్త ముందుకి జరపమను. నా కాళ్లు ఎండలో ఉన్నాయి," అంది.

అతను ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. బండి ఎక్కి రెండు గజాలు ముందుకు జరిపి ఇంజను ఆపేశాడు.

"అరగంటే," అన్నాడు.

రేపు మళ్లీ అడగాలి.