తారెక్కాక తియ్యాల్సిన లాక్

మాది నందిగామ. పెనుగంచిప్రోలు దగ్గర మిరపచేను ఉంది. వాన పడితే చేనికి పోయే నల్లరేగడి డొంకలో మామూలు బండి కదలదు. అందుకని నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత జీపు ఒకటి కొన్నాను. నడపడానికి జగ్గయ్యపేట నుంచి ఒక డ్రైవరు వచ్చేవాడు. వయసులో నాకంటే పెద్ద.

గేరు రాడ్డు పక్కన చిన్న పిడి ఉండేది. దాన్ని వెనక్కి లాగితే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా లోపల బిగుసుకుంటాయి, ముందుకు తోస్తే వదులుతాయి. సెంటర్ లాక్ అంటారు. బురదలో దిగబడ్డాక కాదు, దిగకముందే వెయ్యాలి. తారు రోడ్డెక్కగానే తియ్యాలి. లాక్ పడిందని చెప్పే దీపం ఎప్పుడో పాడైంది. అందుకని డ్రైవరు లాక్ వేసినప్పుడల్లా భుజం మీది తువ్వాలు తీసి అద్దానికి వేలాడదీసేవాడు. లాక్ తీశాకే అది మళ్ళీ భుజమెక్కేది. చూసి నవ్వేవాణ్ణి.

ఒక ఆదివారం అతను రాలేదు. ముందురోజు వాన కురిసింది. బావమరిదిని ఎక్కించుకుని చేనికి నేనే వెళ్ళాను. డొంక మొదట్లోనే లాక్ వేశాను. ఎవరిదో ట్రాక్టరు దిగబడిపోయిన చోట మేము దాటిపోయాం.

"నీకు డ్రైవరెందుకు బావా, దండగ," అన్నాడు.

ఆ మాట నెత్తికెక్కింది. తారు రోడ్డు వచ్చినా పిడి ముట్టుకోలేదు. లాక్ ఉంటే ఇక్కడా పట్టు బాగుంటుందనుకున్నాను. ఎండకు ఆరిన రోడ్డు. మలుపుల్లో స్టీరింగు బరువెక్కింది, టైర్లు కీచుమన్నాయి.

"ఏంటి బావా, బండి మూలుగుతోంది?"

"కొత్త టైర్లురా."

ఇంటి ముందు ఆపాక పిడి ముందుకు తోస్తే కదల్లేదు. కాస్త వెనక్కి నడిపితే గానీ వదల్లేదు. తప్పు అప్పుడే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు.

సోమవారం డ్రైవరు నన్ను జగ్గయ్యపేట తీసుకెళ్తుంటే కింద ఏదో ఫెళ్ళున విరిగింది. బండిని అక్కడి షెడ్డుకు లాగించాం. మెకానిక్కు విప్పి చూశాడు.

"ఎవరో పొడి తారు మీద లాక్‌తో తిప్పారండి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. బురదైతే టైరు జారి సర్దుకుద్ది. తారు మీద ఎక్కడికి జారుద్ది? ఆ మెలికంతా ఈ గేరు పళ్ళ మీద పడింది."

అక్కడ ఇంకో ముగ్గురున్నారు. అందరూ డ్రైవరు వంక చూశారు.

"ఏవయ్యా, తువ్వాలు ఆరేసుకోడం మర్చిపోయావా?" అని, అతని అలవాటు తెలిసిన ఒకాయన నవ్వాడు.

"అద్దానికి తువ్వాలు లేకుండా నేనెప్పుడూ లాక్ వెయ్యలేదండి," అంటూ డ్రైవరు నా వైపే చూశాడు. టైర్లకు అంటిన ఆదివారపు మట్టి పొద్దున్నే కడిగింది అతనే.

"వయసైపోతోంది కదా, మర్చిపోయుంటావులే," అన్నాను.

అతను తాళాలు బానెట్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను పిలవలేదు.

రెండు నెలల తర్వాత తెలిసింది, పత్తి మిల్లులో బోరాలు మోస్తున్నాడని. మతిమరుపు మనిషన్న పేరు పడి ఎవరూ స్టీరింగు ఇవ్వలేదట. ఆ పేరు పెట్టింది నేను. ఆ తర్వాత కూడా వారం రోజులు ఆలోచిస్తూ గడిపాను. అది చెప్పుకోవడానికి ఇంకా సిగ్గుగా ఉంది.

చివరికి షెడ్డుకు వెళ్ళి అక్కడున్న వాళ్ళ ముందు ఉన్నదున్నట్టు చెప్పాను. మెకానిక్కు రెంచి కింద పెట్టి, "నాకు అప్పుడే అనుమానమొచ్చిందండి," అన్నాడు. అక్కడి నుంచి డ్రైవరు ఇంటికి వెళ్ళాను. కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"షెడ్డులో చెప్పి వచ్చాను. తప్పు నాదేనని," అన్నాను.

"ఆ రోజున్న వాళ్ళందరూ ఉన్నారాండి?"

"ఒకాయన లేడు. నవ్వినాయన."

"ఆయనది మీ నందిగామ అవతల కీసర. లారీలున్నాయి. అంతకు ముందు వారమే నన్ను పనిలోకి రమ్మన్నాడు. షెడ్డులో మీ మాట విన్నాక వద్దన్నాడు. నాకు చెప్పి ఏం లాభమండి? ఆయనకి చెప్పండి."

జీపెక్కాను. ఎదురుగా అంతా పొడి రోడ్డే. పిడి ముందుకే ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుని, కీసర వైపు తిప్పాను.