లకుముకి ఫోటో

దబీర్‌పురా రైల్వే స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాను. పది అడుగుల దూరంలో ఒక నడివయసు మనిషి నావైపే కెమెరా గురిపెట్టాడు.

"ఏంది భాయ్, నా ఫోటో ఎందుకు తీస్తున్నవ్?" అని గట్టిగానే అడిగాను.

"మీది కాదమ్మా, మీ ఎనక తీగ మీద లకుముకి పిట్టది. మా బస్తీవాళ్లం గిట్ల ఫోటోలు తీసి ఏటేటా క్యాలెండర్ ఏస్తం. అది అమ్మి బడిపిల్లలను చెరువు కాడికి తీస్కపోయి పిట్టలు, చెట్లు చూపిస్తం. ఈ పిట్ట కోసం మూడు నెలల సంది తిరుగుతున్న."

ఇలాంటి కథలు చాలా విన్నాను. ఫోటో చూపించమన్నాను. పిట్ట నిజంగానే ఉంది, ముక్కున చిన్న తొండతో. కానీ ఒక మూల నా ముఖం సగం పడింది.

"తీసెయ్."

"ఆ మూల కత్తిరిస్తనమ్మా."

"నిన్నెట్ల నమ్మాలె? తీసెయ్."

నా కళ్లముందే ఫోటో మొత్తం చెరిపేశాడు. వెనక్కి తిరిగి చూస్తే తీగ ఖాళీగా ఉంది. రైలొచ్చింది. అతను ఎక్కలేదు.

కొత్త సంవత్సరంలో మా అక్క కూతురు బడి నుంచి ఒక క్యాలెండర్ తెచ్చింది. తమను చెరువు దగ్గరికి తీసుకెళ్లినవాళ్లే ఇచ్చారంది. నేను పన్నెండు పేజీలూ తిప్పి చూశాను. ఎక్కడా లకుముకి లేదు.

"ఏం ఎతుకుతున్నవ్ చిన్నమ్మా?"

"ఏం లే," అన్నాను.