ఎర్తు కేబులు రెండో చివర

కరోనా తగ్గి కాలేజీలు మళ్ళీ తెరిచిన సంవత్సరం నేను బాపట్ల దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ బస్సుల గ్యారేజీలో ఫోర్‌మన్‌ని. తెనాలిలో పని నేర్చుకుని ముప్పయ్యేళ్ళుగా స్పానరు పట్టినవాణ్ణి. బండి ఎందుకు ఆగిందో తేల్చి, రిపోర్టు రాసి సంతకం పెట్టడం నా బాధ్యత. నా సంతకానికి ఎదురు మాట్లాడేవారు లేరు. ఆ సంగతి నాకూ కాస్త ఎక్కువగానే తెలుసు.

రేపల్లె ట్రిప్పు బస్సు పొద్దున్నే స్టార్టు కావడం మానేసింది. డ్రైవరు దానియేలు సాయంత్రం పిల్లల్ని దించాక బస్సును రేపల్లె శివార్లో రొయ్యల చెరువుల పక్కన ఆపి, అందులోనే పడుకునేవాడు. కొత్త బ్యాటరీల జత వేయించాం. వారం తిరక్కుండా మళ్ళీ అదే వరస. తాళం తిప్పితే సెల్ఫు మోటారు టిక్కుమని ఊరుకుంటోంది.

నేనే వెళ్ళి చూశాను. బ్యాటరీల మీది క్లాంపులు విప్పి, తెల్లటి పొడి గీకి, బిగించాను. చేత్తో ఊపితే కదల్లేదు. ‘వాహనంలో లోపం లేదు’ అని రాసిచ్చాను.

ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జి ఆ కాగితం చదివి, అయితే డ్రైవరే చెరువు కాపలా షెడ్డుకి బస్సు బ్యాటరీల నుంచి లైట్లు ఇచ్చి డబ్బు చేసుకుంటున్నాడని తేల్చేశాడు. అతనిది ఏ ఊరని అడిగాడు. స్టూవర్టుపురం అన్నాను. బ్రిటిషువాళ్ళు కొందరిని పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి, తెచ్చి కూర్చోబెట్టిన సెటిల్మెంటు అది. ఇన్నేళ్ళయినా ఆ ముద్ర జనం నోళ్ళలో పోలేదు. ఇన్‌చార్జి తల పంకించాడు. నేనూ పంకించాను. సోమవారం నుంచి పనిలోకి రావద్దని దానియేలుకి చెప్పారు.

శుక్రవారం సాయంత్రం అతను గ్యారేజీకి వచ్చాడు. గొంతు పెంచలేదు.

“మేస్త్రి గారూ, మీ కాగితం మీదే నన్ను తీసేస్తున్నారండి. ఈ మచ్చతో బయటికెళితే ఇంకెవరూ నాకు బండి ఇవ్వరు. రేపు ఒక్క ట్రిప్పు నాతో రండి.”

నాకు చిరాకేసింది. నా రిపోర్టుకే పరీక్షా అనుకున్నాను. అయినా ఆ రాత్రి బ్యాటరీలు గ్యారేజీలోనే ఛార్జింగు పెట్టించి, పొద్దున్నే బస్సెక్కాను. రేపల్లెలో ఇంజను ఆపి, ఇద్దరం బస్సు పక్కనే నిలబడి టీ తాగాం. పట్టపగలు, బ్యాటరీ జోలికి ఎవరూ పోలేదు. తాళం తిప్పితే మళ్ళీ టిక్కుమంది.

బ్యాటరీ నుంచి వెళ్ళిన కరెంటు తిరిగి రావడానికి దారి బండి ఇనుమే. నెగెటివు కేబులు ఒక చివర బ్యాటరీ మీద, రెండో చివర బండి చట్రానికి, అంటే ఛాసిస్‌కి, బోల్టుతో ఉంటుంది. దాన్నే ఎర్తు అంటాం. మీటరు ఒక తీగ కొస బ్యాటరీ నెగెటివు మీద, రెండోది ఛాసిస్ ఇనుము మీద పెట్టి తాళం తిప్పమన్నాను. అర వోల్టు దాటకూడదు. రెండు దాటింది. బస్సు కిందికి దూరి రెండో చివర పట్టుకుంటే, దారి కుదుపులకి వదులై రెండు వేళ్ళకే తిరిగింది. కేబులు కొసన ఉండే లగ్గు కింద బూడిదరంగు పెయింటు, దాని కింద తుప్పు.

ఆ పెయింటు వేయించింది నేనే. లాక్‌డౌనులో ఖాళీగా ఉన్న బస్సులకు తుప్పు పట్టకుండా అడుగున రంగు కొట్టించాను. లగ్గులు విప్పి, రంగు కొట్టి, గీకకుండానే మళ్ళీ బిగించారు. నేను చూసుకోలేదు. ఎర్తు సరిగ్గా లేకపోతే నడిచే బండిలో కూడా బ్యాటరీ పూర్తిగా ఛార్జి కాదు. కొత్తవి వారానికే దిగిపోయిన కారణం అదే. నాకు నిజంగా సిగ్గేసింది.

ముందు నెగెటివు విప్పాను. ఛాసిస్ మీద పెయింటు, తుప్పు ఇనుము మెరిసేదాకా గీకి, పళ్ళ వాషరు వేసి బోల్టు బిగించి, పైన వాజిలీను పూశాను. నెగెటివు చివరగా తగిలించాను. దానియేలు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

అదే రోజు ఇన్‌చార్జికి రెండో రిపోర్టు ఇచ్చాను. మొదటిది తప్పని, లోపం మా గ్యారేజీదని రాశాను. ఆయన నోటిమాటగా సరిపెడదామన్నాడు. కుదరదని, దానియేలుకి ఒక కాపీ ఇప్పించాను.

అతను అది చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“కేబులు రెండో చివర చూడ్డం మర్చిపోయారు, సరేనండి. నా ఊరేంటో చూడ్డం మాత్రం ఎవరూ మర్చిపోలేదు.”

 సోమవారం అతను ట్రిప్పుకి వెళ్ళాడు. రిటైరయ్యే దాకా నా రిపోర్టుల్లో రెండు భాగాలు ఉండేవి. ఒకదాంట్లో నేను చూసినవి, రెండోదాంట్లో చూడనివి. రెండోది రాయకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.