చివరి కుర్చీ

నిడదవోలు బజారులో స్టీలు సామాన్ల కొట్టు మల్లేశ్వరరావు గారి దగ్గర గిన్నె కొంటే, గిన్నెతో పాటు ఒక ప్రదర్శన ఉచితం. ముందు ఆ గిన్నెని వేళ్ళ మీద నిలబెట్టి గోటితో టంగుమనిపిస్తారు. "విన్నారాండి? ఆ మోత ఎంతసేపు ఉంటుందో చూడండి" అంటారు. మోత ఆగేదాకా మనం కదలకూడదు, ధర అడగకూడదు. తరువాత చిన్న మిషను తీసి, "ఎవరి పేరు వెయ్యమంటారండి?" అని అడుగుతారు. పెళ్ళికూతురి పేరో, పోయిన మామగారి పేరో చెబితే గుండ్రటి అక్షరాలతో అంచు మీద చెక్కి ఇస్తారు. ఈ చుట్టుపక్కల ఏ వంటింట్లోకి వెళ్ళినా ఆయన చేతిరాత కనిపిస్తుంది. ఆయన పేరు మాత్రం ఒక్క గరిటె మీద కూడా ఉండదు.

నేను ఆయన దగ్గర కుక్కరు కొన్న పాపానికి న్యాయనిర్ణేతనయ్యాను. బిల్లు రాస్తూ, "మేడం గారు ఏం చేస్తుంటారండి?" అన్నారు. జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతానన్నాను. అంతే, ఆ ఏడాది నుంచి వర్తక సంఘం వారి వక్తృత్వ పోటీకి మార్కులు వేసే బల్ల దగ్గర నాకొక కుర్చీ ఖాయమైపోయింది. ఆ కుక్కరు గాస్కెట్టు ఎప్పుడో పోయింది గానీ ఈ పదవి ఇంకా ఊడలేదు.

పోటీ ఏటా కల్యాణ మండపంలో జరుగుతుంది. హైస్కూలు పిల్లలకి. తలా మూడు నిమిషాలు. కన్వీనరు మల్లేశ్వరరావు గారు. బహుమతులు కూడా ఆయన కొట్లోవే: బిందె, టిఫిన్ క్యారియరు, మరచెంబు. వాటి మీద గెలిచిన పిల్లల పేర్లు ఉంటాయనుకునేరు. దాతల పేర్లుంటాయి. గెలిచిన పిల్ల ఆ బిందెతో నీళ్ళు పట్టినన్నాళ్ళూ ఎవరో ఎరువుల కొట్టు ఆసామిని తలుచుకుంటూ ఉండాలన్నమాట.

అయితే ఆయన ప్రాణం పోటీలో లేదు, పోటీకి ముందు ఇచ్చే శిక్షణలో ఉంది. పిల్లలకి శిక్షణ, టైం చూసే ఆయనకి శిక్షణ, పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకూ శిక్షణ. అందులో ముప్పావు వంతు సంబోధనే. స్టేజీ మీదున్న ప్రతి పెద్దమనిషినీ కుర్చీల వరసలో, బిరుదులతో సహా, పేరు పెట్టి పిలిచి నమస్కరించాలి. పిలవగానే ఆ పెద్దమనిషి లేచి చేతులు జోడిస్తాడు. ఆయన మళ్ళీ కూర్చునేదాకా ఆగాలి. కూర్చున్నాకే రెండో పేరు. అన్ని కుర్చీలూ అయ్యాక, అప్పుడు కావాలంటే విషయం.

దీనికో కథ ఉంది. ఆయన పదో తరగతిలో ఉండగా ఇలాంటి పోటీలోనే "అందరికీ నమస్కారం" అని మొదలుపెట్టి బాగానే మాట్లాడుతున్నారట. హెడ్మాస్టరు మధ్యలో లేచి, "నా పేరేదిరా?" అని అడిగి స్టేజీ దింపేశాడట. "తప్పు నాదేనండి. పెద్దలని వదిలేసి సబ్జెక్టులోకి వెళ్ళిపోయాను" అని ఇప్పటికీ ఆయనే చెబుతారు. ఆ హెడ్మాస్టరు పేరెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది, ఈయనకి మండదు. అప్పటి నుంచి మైకు ముట్టుకోలేదు. ఏటా స్టేజీ కింద ఓ పక్కన నిలబడి, ఎవరెక్కాలో ఎవరు దిగాలో చేత్తో చెప్పడం, అంతే.

ఈ ఏడు పోటీకి ముందు సంఘం అధ్యక్షులు చంద్రరావు గారు కొట్టుకొచ్చి, "మల్లేశ్వరరావు గారూ, ఈసారి మీరూ పైన కూర్చోండి. చివర్లో ఓ కుర్చీ వేయిద్దాం" అన్నారు. బియ్యం మిల్లు ఆసామికి అది కాఫీ తాగుతూ అనేసిన మాట. ఈయనకి మాత్రం ఆ రోజు నుంచి నిద్ర లేదు. వాళ్ళావిడ అమ్మణ్ణి గారు నాకు ఫోన్ చేశారు.

"పట్టు లాల్చీ కుట్టించుకున్నారండి. పొద్దున్నే అద్దం ముందు కుర్చీ వేసుకుని, లేచి దణ్ణం పెట్టి కూర్చుంటున్నారు. పక్కన నేను పేరు పిలవాలట. ఎన్నిసార్లని పిలవనండి?" అని నవ్వారు. మళ్ళీ ఆవిడే, "స్టేజీ మీద ఒక్క పిల్ల నోట తన పేరు వింటే చాలటండి. ఇంకేం అక్కర్లేదట" అన్నారు. ఈసారి నవ్వలేదు.

పోటీ రోజు పొద్దున శిక్షణ మా బల్ల దగ్గర మొదలైంది.

"ఒక పేరు వదిలితే రెండు మార్కులు కొయ్యాలండి" అన్నారు.

"విషయం బాగా చెబితేనో?" అన్నాను.

"సంతోషమేనండి. రెండు మార్కులు కోసి సంతోషించండి."

తరువాత జీవరాజు గారి వంతు. ఫ్యాన్సీ షాపు ఆయన. టైం చూడడం ఆయన పని. మనిషి వెన్న. పెద్దవాళ్ళ పిల్లలు మాట్లాడుతుంటే గంట కొట్టడానికి చెయ్యి రాదు. "మధ్యలో కొడితే బాగోదు కదండి" అంటారు. పోయినేడు ఒక కాంట్రాక్టరు గారబ్బాయి ఆపకుండా మాట్లాడుతుంటే, వాళ్ళ నాన్న వైపు చూసి నవ్వుతూ కూర్చుండిపోయారు. అవతల భోజనాల్లోకి వండిన వంకాయ కూర చల్లారిపోయింది. అందుకని ఈసారి మల్లేశ్వరరావు గారు గట్టి ఏర్పాటే చేశారు. జీవరాజు గారి కుర్చీని గోడవైపు తిప్పేశారు. ఫ్యాన్ల హోరులో చిన్న గంట వినపడదని, కొట్లో పళ్ళేలన్నీ టంగుమనిపించి, అన్నిటికన్నా మోత ఎక్కువసేపు నిలిచేది ఏరి తెచ్చారు. దాన్నీ, ఒక గరిటెనీ చేతికిచ్చారు.

"ఫోనులో మూడు నిమిషాల అలారం మోగగానే కొట్టడమేనండి. మాట్లాడేది ఎవరో చూడొద్దు, ఏం చెబుతున్నారో వినొద్దు. సాక్షాత్తు చంద్రరావు గారి పేరు సగంలో ఉన్నా సరే, కొట్టండి."

"బాగోదేమోనండి."

"అమ్మవారి మీద ఒట్టెయ్యండి."

జీవరాజు గారు గోడకి ఎదురుగా కూర్చుని ఒట్టేశారు.

ఇక పిల్లలు. విషయం "సమయం విలువ". ఆ సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. మల్లేశ్వరరావు గారు పేర్లన్నీ వల్లె వేయించారు. పిల్లలు ఎక్కాల్లాగా అప్పజెబుతున్నారు. చివరి పేరు దగ్గరికొచ్చేసరికి ఆయన ద్వారం తోరణాల వైపు తిరిగి ఏదో గొణిగారు. "ఎవరండీ? వినపళ్ళేదండి" అన్నారు పిల్లలు. మళ్ళీ గొణిగారు. మళ్ళీ వినపళ్ళేదు. చివరికి చెవులు ఎర్రబడిపోతుండగా, "శ్రీ మల్లేశ్వరరావు గారు! అంటే నేనేనమ్మా!" అని గట్టిగా అనేశారు. అంత గట్టిగా అన్నందుకు ఆయనకే సిగ్గేసింది.

హారతి అనే పిల్ల చెయ్యెత్తింది. పక్క ఊరి హైస్కూలు, పదో తరగతి. "ఇన్ని పేర్లు చెప్పి, అందరూ కూర్చునేదాకా ఆగితే, సబ్జెక్టుకి టైం ఉంటుందాండి?"

"సబ్జెక్టు ఎక్కడికీ పోదమ్మా. నొచ్చుకుంటే పెద్దలు వెళ్ళిపోతారు" అన్నారు మల్లేశ్వరరావు గారు. ఆ పిల్ల తలూపి కూర్చుంది. ఇంత బుద్ధిగా తలూపే పిల్లల్ని చూస్తే నాకు జాలేస్తుంది.

మొదటి వక్త భానుతేజ, చంద్రరావు గారి మనవడు. తాతగారి బిరుదులే ఒక పేరా అయ్యాయి. తాతగారు లేచి, కండువా సర్దుకుని, కుడివైపు జనానికో నమస్కారం, ఎడమవైపు జనానికో నమస్కారం, ఫోటోగ్రాఫరుకి విడిగా ఇంకో నమస్కారం పెట్టి, మెల్లగా కూర్చున్నారు. రెండో కుర్చీ ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ఆయన లేవడానికి ఇద్దరు సాయం పట్టారు, కూర్చోబెట్టడానికి ముగ్గురు. వరస సగం కూడా కాలేదు, టంగున పళ్ళెం మోగింది. సమయం విలువ గురించి ఒక్క ముక్క చెప్పకుండా పిల్లవాడు దిగిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. ఏదో లోటు జరిగిందని ఎవరికీ తోచలేదు.

తరువాతి పిల్లలకి తెలివొచ్చింది. పేర్లు తగ్గిస్తే గానీ విషయం దాకా వెళ్ళలేమని అర్థమైంది. ఎవరిని తగ్గించాలి? మొదటి కుర్చీలని ముట్టుకునే ధైర్యం ఎవరికుంది? చివరి నుంచి కత్తిరించారు. ఒకరు ముగ్గుర్ని వదిలారు, ఒకరు ఇద్దర్ని. ఎవరు ఎంతమందిని వదిలినా, వదిలిన వాళ్ళలో చివరి కుర్చీ మాత్రం తప్పకుండా ఉంది.

నేను మార్కుల కాగితం పక్కన పెట్టి ఆ కుర్చీనే చూస్తూ కూర్చున్నాను. పక్కాయన కూర్చోగానే మల్లేశ్వరరావు గారు రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి కాస్త లేచేవారు. "ఇక విషయానికి వస్తే" అనేవారు మైకు దగ్గర పిల్లలు. ఆయన కుర్చీ జరుపుకోవడానికే లేచినట్టు కాస్త జరుపుకుని కూర్చునేవారు. ఇంకోసారి పంచె దులుపుకున్నారు. ఇంకోసారి పైన ఫ్యాను తిరుగుతోందో లేదో చూశారు. ముందు వరసలో అమ్మణ్ణి గారు వీడియో తీద్దామని ఫోను ఎత్తడం, దించడం. ఎత్తడం, దించడం. జరుపుకోగా జరుపుకోగా ఆయన కుర్చీ స్టేజీ అంచు దాకా వచ్చేసింది.

ఒక పేరు వదిలితే రెండు మార్కులు కొయ్యమని పొద్దున నేర్పింది ఆయనే. ఆయన పేరు వదిలినందుకు పిల్లలందరికీ పళ్ళు నూరుకుంటూ కోశాను. ఆ మార్కులు చంద్రరావు గారికి కొయ్యాల్సింది.

ఆఖరున హారతి వచ్చింది. మొదటి కుర్చీ నుంచి మొదలుపెట్టింది. బిరుదు వదల్లేదు, ఇంటిపేరు వదల్లేదు. మోకాళ్ళ నొప్పుల ఆయన కూర్చునేదాకా చేతులు కట్టుకుని ఆగింది. మధ్యలో ఒకసారి జీవరాజు గారి వీపు వైపు చూసింది. తను నేర్చుకొచ్చింది ఇక చెప్పలేనని దానికి అప్పుడే తెలిసిపోయింది. ఆ ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. అయినా ఒక్క పేరూ మింగలేదు. పక్క కుర్చీ ఆయన కూర్చున్నాడు. అమ్మణ్ణి గారు ఫోనెత్తారు.

"చివరగా, మమ్మల్ని ఈ పోటీకి తయారుచేసిన శ్రీ మల్లే..."

టంగ్!

మంచి పళ్ళెం. ఏరి తెచ్చింది. మోత చాలాసేపు నిలిచింది. మల్లేశ్వరరావు గారు అప్పటికే లేచి నిలబడి ఉన్నారు, చేతులు సగం దాకా వచ్చి ఉన్నాయి. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లాల్చీ గుండీ పెట్టుకున్నారు. అది పెట్టే ఉంది. "భలే కొట్టావయ్యా జీవరాజూ!" అని చంద్రరావు గారు పకపకా నవ్వారు. జీవరాజు గారు గోడకేసి చూస్తూనే మురిసిపోయారు.

తరువాత చంద్రరావు గారు సమయం విలువ గురించి అధ్యక్షోపన్యాసం చేశారు. పప్పు చల్లారింది, పులిహోర చల్లారింది. పళ్ళెం మాత్రం మోగలేదు. జీవరాజు గారి కుర్చీ అప్పటికే ఇటు తిరిగిపోయింది. కన్వీనరుకి కృతజ్ఞతలు చెప్పడం అధ్యక్షుల వారికి గుర్తుకు రాలేదు, భోజనాల సంగతి గుర్తుకొచ్చింది. బిందె ఎవరికో వచ్చింది. విషయం మీద ఒక్క మాటా చెప్పని హారతికి మరచెంబు కూడా రాలేదు. ఆ సున్నా నా చేత్తోనే వేశాను.

అందరూ పంక్తిలోకి వెళ్ళాక, జరిగిన సంగతి ఎవరో చెబితే జీవరాజు గారు పళ్ళెం పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "నాకు తెలీదండి బాబూ! వెనక్కి చూడొద్దని మీరే కదండీ ఒట్టేయించుకున్నారు!"

"సరిగ్గా కొట్టారండి. ఇన్నాళ్ళకి మన పోటీలో టైం అంటే టైం" అన్నారు మల్లేశ్వరరావు గారు. మనస్ఫూర్తిగానే అన్నారు. అదే నాకు మరీ కష్టమనిపించింది.

మైకు వాళ్ళు వైర్లు చుడుతున్నారు. కుర్చీలు మొదటి నుంచి ఒకదాంట్లో ఒకటి పెట్టుకొస్తున్నారు. హారతి సంచీ భుజాన వేసుకుని వచ్చి నిలబడింది.

"సార్, మీ పేరొక్కటీ మిగిలిపోయిందండి. ఇప్పుడు చెప్పొచ్చాండి?"

ఆయన కంగారుపడిపోయారు. "టైం అయిపోయిందమ్మా. రూలు రూలే. నువ్వెళ్ళి భోంచెయ్."

ఇక నావల్ల కాలేదు. వెనక బెంచీ వాళ్ళ మీద అరిచే గొంతుతో అరిచాను. "మల్లేశ్వరరావు గారూ! మీ రూలు తీసుకెళ్ళి కొట్లో అటక మీద పెట్టుకోండి. ముందెళ్ళి ఆ కుర్చీలో కూర్చోండి!"

కూర్చున్నారు. వరసలో మిగిలింది ఆ ఒక్క కుర్చీయే. సంగతేంటో చూద్దామని వచ్చిన అమ్మణ్ణి గారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఫోను చేతిలోనే ఉంది, ఎత్తడం మరిచిపోయారు. హారతి సంచీ కింద పెట్టి, మైకు ఉండాల్సిన చోట నిలబడింది.

"చివరగా, మమ్మల్ని ఈ పోటీకి తయారుచేసిన శ్రీ మల్లేశ్వరరావు గారికి నమస్కారం."

ఆయన లేచి చేతులు జోడించారు. పేరు పిలిచిన పెద్దలు కూర్చునేదాకా ఆగాలని కదా ఆ పిల్లకి నేర్పింది. అది ఆగింది. జీవరాజు గారు పళ్ళేన్ని చప్పుడు కాకుండా గుండెలకి ఆనించి పట్టుకున్నారు. మల్లేశ్వరరావు గారు కూర్చోలేదు. ఆ పిల్ల అలాగే ఆగి ఉంది.