పేర్లు లేని రాళ్లు

2006లో నేను గల్ఫ్‌లో, ముసఫ్ఫాలో ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉండేవాణ్ణి. అమెరికా రోడ్ల డ్రాయింగులు కూడా మా దగ్గరికి వచ్చేవి. నేను గీసినవాటిని నెల్లూరు భాయ్ ఒకాయన సరిచూసి సంతకం పెట్టేవాడు. ఆ పని నాకు నేర్పిందీ ఆయనే.

ఒకసారి అమెరికాలోని ఒక పాత పల్లెలో రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. ఆ ఊళ్లో క్వేకర్లనే క్రైస్తవులు కట్టుకున్న రాతి ప్రార్థన ఇళ్లు రెండున్నాయి. వాటిలో శిలువ ఉండదనీ, పాస్టరు ఉండడనీ, అందరూ మౌనంగా కూర్చుంటే చెప్పాలనిపించినవాళ్లు లేచి చెబుతారనీ మా ముదీర్, అదే మా అమెరికన్ మేనేజరు, చెప్పాడు. ఆయన ఆ ఊరు చూశాడట.

సర్వేలో ఒక ప్రార్థన ఇంటి వెనక నలభై దాకా చుక్కలున్నాయి. అవేమిటో రాసి లేదు. కొత్త రోడ్డు సరిగ్గా వాటిమీదుగానే పోతోంది. అడిగితే జవాబుకి రెండు రోజులు పడుతుంది. ఆ రోజు గురువారం, మర్నాడు శుక్రవారం సెలవు, కంపెనీ బస్సు కింద హారన్ కొడుతోంది. చుక్కలన్నీ చెరిపేశాను.

"ఈడ చుక్కలుండాల గదా, ఏమైనాయి అబ్బయా?" అన్నాడు భాయ్.

"ఉత్త రాళ్లు భాయ్. అడిగి కనుక్కున్న."

నా మాట నమ్మి సంతకం పెట్టాడు.

మూడు వారాలకు అమెరికా నుంచి ఉత్తరం వచ్చింది. అవి సమాధులు. అక్కడివాళ్లు పేర్లు చెక్కకుండా చిన్న రాళ్లు మాత్రమే పాతుతారట. ప్లాను చూసిన ఒక ముసలామె తన తల్లిదండ్రులు ఎక్కడున్నారని అడిగిందట.

ముదీర్ అందరినీ పిలిచి ఇది ఎవరి పని అన్నాడు. షీటుమీద సంతకం భాయ్‌ది. ఆయన కాసేపు ఆగి, తనే సరిగా చూడలేదని చెప్పాడు. నేను తల దించుకుని నా చెప్పులు చూస్తూ కూర్చున్నాను.

రోడ్డు గీత పక్కకు జరిగింది, సమాధులు దక్కాయి. భాయ్‌ని మాత్రం ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక సైటు స్టోరుకు, సామాన్ల లెక్క రాసే పనికి మార్చారు. వెళ్లే రోజు ఆయన డబ్బాలు సర్దుతుంటే దగ్గరికి పోయి, తప్పు నాదని చెప్పాను.

"తెలుసు అబ్బయా," అన్నాడు. "నువ్వు లేస్తావేమోనని కొంచేపు చూసినా."

మర్నాడు ముదీర్ గదిలోకి వెళ్లి నిజం చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే, "ఖలాస్, అయిపోయిందిగా" అన్నాడు. ఆ మాట వినగానే నాకు గుండె తేలికైంది. అలా తేలికైనందుకే ఇప్పటికీ సిగ్గుపడతాను.