వెనక మెట్ల తలుపు

మా అక్క బడికి కాపలా కాస్తుంది. పిల్లలకు తాళాలమ్మ. గేటుకెదురుగానే నా జిరాక్స్ కొట్టు కాబట్టి ఆ తాళంచెవుల గుత్తి గలగలలు రోజంతా నా ప్రాణం తీసేవి.

ఆ హైస్కూలుకు మొదట్లో గోడే లేదు. సైకిళ్లు పోతున్నాయని గోడ కట్టారు. బయటి కుర్రాళ్లు దూరి కొట్లాడాక గోడ మీద గాజుపెంకులు గుచ్చారు. కిందటేడు ఒకడు కత్తితో వెనక మెట్ల దారిన జొరబడి ఒక పిల్లాడి చెయ్యి కోశాడు. ఆ మెట్ల తలుపుకి కూడా తాళం పడింది. కొత్త భయం వచ్చినప్పుడల్లా కొత్త తాళం. పడగొట్టేసిన గదుల తాళంచెవులను కూడా అక్క పారేసేది కాదు.

"నేను చదువుకున్న గదులవి. ఉండనీవే" అనేది.

"నీ చాదస్తం తగలెయ్య! మోయలేక చస్తున్నావు కదే!" అని తిట్టేదాన్ని. వింటేగా!

ఆ మధ్యాహ్నం పై అంతస్తులో కరెంటు బోర్డు కాలి పొగ లేచింది. పదో తరగతి అక్కడే. అక్క మనవరాలు అందులోనే ఉంది. ముందు మెట్లు పొగతో నిండిపోవడంతో పిల్లలంతా వెనక మెట్లు దిగి తలుపు మీద పడ్డారు. అక్క పరుగెత్తింది, వెనకే నేను. ఒక తాళంచెవి తిప్పింది, తిరగలేదు. ఇంకోటి, అదీ కాదు. లోపల దగ్గులు, ఏడుపులు.

"అమ్మమ్మా, తలుపు తియ్యి!"

"తీస్తున్నా తల్లీ, తీస్తున్నా!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేని గదుల తాళంచెవులు ఎన్ని తిప్పిందో, చివరికి అసలుది తగిలింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. అదృష్టం, అందరూ బతికి బయటపడ్డారు.

మర్నాడు తల్లిదండ్రులు బడి మీదికొచ్చారు. ఆ తాళం తీసెయ్యమని సగం మంది, కత్తిగాడు మళ్లీ వస్తే మీరు అడ్డుపడతారా అని మిగతా సగం. రెండు వైపులదీ న్యాయమే, అదే కదా మా ఖర్మ! హెడ్‌మాస్టరు తల పట్టుకుని, తాళం తీయించి లోపలి నుంచి తీసుకునే గడియ పెట్టించారు.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో మనవరాలు స్నానానికి వెళ్లి తలుపు ఓరగా వదిలేసింది.

"గడియ పెట్టుకోవే" అన్నాను.

"పెట్టను చిన్నమ్మమ్మా. భయమేస్తోంది. ఎవరైనా బయట నిలబడండి."

అక్క గబగబా లేచింది, నడుముకున్న గుత్తి గలగలమంది.

"నువ్వొద్దు అమ్మమ్మా" అంది పిల్ల లోపలి నుంచి. "చిన్నమ్మమ్మను నిలబడమను."

అక్క మళ్లీ కూర్చుంది.