జేనెప్ ఒక్కతే నొక్కిన మీటలు

జేనెప్ చేతుల గురించి మా మెట్ల దగ్గర ఆడవాళ్ళు చెప్పుకునే మాటలు వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. "పాపం, మేనల్లుణ్ణి కొట్టింది కదా, తగిలింది" అంటారు. ఆ కొట్టిన రోజున వీళ్ళలో ఒక్కతీ లేదు. నేనున్నాను.

మర్గులాన్ అప్పుడు బడికి కూడా వెళ్ళని పిల్లాడు. వేసవికి మేనమామ ఇంటికి, అంటే జేనెప్ మొగుడు యెసెన్‌తాయ్ ఇంటికి వచ్చాడు. జేనెప్, నేను వంటింట్లో పిండి పిసుకుతున్నాం. బాల్కనీలో చప్పుడు లేదేమా అని తొంగి చూస్తే, ఆ వెధవ నాలుగో అంతస్తు ఊచల మీదికెక్కి ఒక కాలు అవతల వేసి ఊగుతున్నాడు. జేనెప్ పిండి చేతులతోనే పరిగెత్తి లోపలికి లాగి చెంప ఛెళ్ళుమనిపించింది. వాడి బుగ్గ మీద తెల్లగా అయిదు వేళ్ళూ పడ్డాయి. వాడికంటే ముందు ఆమె ఏడ్చింది.

జేనెప్ అత్తగారు లోపల్నించి వచ్చి, పిల్లాడు చావు తప్పించుకున్నాడని కూడా చూడకుండా గుండెలు బాదుకుంది.

"నీ చేతులు పడిపోనూ! మేనల్లుడి మీద చెయ్యి చేసుకుంటావుటే? చూస్తూ ఉండు, రేపు ఆ చేతులే గడగడా వణుకుతాయి!"

మా కజకుల్లో ఆ నమ్మకం ఉంది. మేనల్లుణ్ణి కొట్టిన చెయ్యి వణుకుతుందంటారు. మేనల్లుడు జన్మలో మూడుసార్లు మేనమామ ఇంట్లో ఏది కావాలంటే అది అడగొచ్చు, మామ కాదనకూడదు. నేను నమ్మను అనేవాళ్ళు కూడా మేనల్లుడు గుమ్మంలోకి రాగానే మంచి వస్తువులు లోపలి గదిలో పెడతారు.

తర్వాత చాలా ఏళ్ళు ఏమీ కాలేదు. జెజ్‌కజ్‌గాన్ రాగి కర్మాగారంలో జేనెప్ పైన క్రేను నడిపేది, నేను కింద నిలబడి చేతులతో సైగలు చేసేదాన్ని. కరిగిన రాగి నిండిన బానను ఆమె మా తలల మీదుగా తీసుకెళ్ళి, ఇసుమంత ఊపు కూడా లేకుండా ఆపేది. మగవాళ్ళ వల్ల కాలేదు ఆ పని. వాళ్ళు ఆపితే బాన ఇటూ అటూ ఊగేది, కింద మా ప్రాణాలు దానితో పాటు ఊగేవి.

ఒక చలికాలం టీ పోస్తూ గిన్నె జారవిడిచింది. ఇంకోరోజు క్రేను మీటను రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. కిందికి దిగివచ్చి, "రాబిగా, నా వేళ్ళు నా మాట వినడం లేదే" అంది. కరగంద పట్నంలో డాక్టరు చూసి, ఇది వేళ్ళ నుంచి మొదలై పైకి పాకుతుంది, వెనక్కి రాదు, మందు లేదు అని మొహం మీదే చెప్పాడు. ఆయన చెప్పిన పేరు నాకు నోరు తిరగలేదు. అత్తగారు అప్పటికి పోయింది గానీ ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

యెసెన్‌తాయ్ లిఫ్టులు బాగుచేసేవాడు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి. క్రేను మానేశాక జేనెప్ కిటికీ దగ్గర కూర్చుని రోజంతా బయటికి చూస్తుంటే, పాత కంప్యూటరు ఒకటి తెచ్చి అందులో ఒక ఆట పెట్టాడు. అంతరిక్ష నౌకను నడిపి, తిరుగుతున్న స్టేషనుకు మెల్లగా తీసుకెళ్ళి తగిలించాలి. నిజం నౌకల్లో అంతరిక్షానికి వెళ్ళొచ్చేవాళ్ళు దిగేది మా మైదానాల్లోనే. పారాచూటు గొడుగు విప్పుకుని దిగుతుంటే మేం తలెత్తి కూడా చూడం. అలాంటిది ఈ బొమ్మ నౌకను చూసి నాకు నవ్వొచ్చింది.

జేనెప్ నవ్వలేదు. "ఇది క్రేనేనే రాబిగా! ఊగకుండా తీసుకొచ్చి ఆనించడమే!" అంది. మూడేళ్ళ తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను.

కానీ కీబోర్డు మీద ఆమె వేలు ఒకటి నొక్కబోయి రెండు నొక్కేది. నౌక వెళ్ళి స్టేషన్ని గుద్దేది. అప్పుడు మొదలుపెట్టాడు యెసెన్‌తాయ్. మైదానంలో పడిన రాకెట్టు రేకు ఒక గొర్రెల కాపరి దగ్గర ఉంటే అడిగి తెచ్చి, సాపు చేసి, అచ్చం నౌకలో బొత్తాలుండే పలకలా కోశాడు. తీసిపారేసిన లిఫ్టు బొత్తాలు పెట్టాడు. కర్మాగారం తుక్కులోంచి క్రేను మీట ఒకటి మోసుకొచ్చి మధ్యలో బిగించాడు. బొత్తానికీ బొత్తానికీ నడుమ చిన్న గట్టు వేశాడు, వణికే వేలు పక్కదాని మీదికి జారకుండా. ఏ బొత్తాం నొక్కితే దాని పక్కన పచ్చదీపం వెలిగేది. చిట్టచివర ఎర్రటి పెద్ద బొత్తాం, నౌక స్టేషనుకు ఆనగానే గట్టిగా పట్టుకోవడానికి.

ఆ పలక ఒక్కసారి చేసి ఊరుకునేది కాదు. ఆమె వేళ్ళలో బలం తగ్గినప్పుడల్లా బొత్తాం వెనక స్ప్రింగు తీసి మెత్తటిది వేసేవాడు. ఎప్పుడు తగ్గిందో ఆమె చెప్పేది కాదు, ఆయన అడిగేవాడు కాదు. నొక్కేటప్పుడు ఆమె కింది పెదవి కొరుక్కుంటే, మర్నాడు స్క్రూడ్రైవరు తీసేవాడు.

"ఏమే, ఊరికే నిలబడ్డావేం? చెయ్యి ఊపు!" అని నన్ను తిట్టేది. నేను తెర పక్కన నిలబడి పాత రోజుల్లోలా కిందికి, ఎడమకి, ఆగు అని సైగలు చేసేదాన్ని. చూసినవాళ్ళు మా ఇద్దరికీ పిచ్చెక్కిందనుకునేవాళ్ళు. అనుకోనీ.

ఒకసారి తెరలో నౌక మరీ పక్కకి పోతుంటే ఆత్రంలో నేనే ఒక బొత్తాం నొక్కాను. ఆమె కోపం మీరు చూడాలి.

"తియ్యి చెయ్యి! తిండి ఆయన పెడతాడు, తల నువ్వు దువ్వుతావు, స్నానం ఇద్దరూ కలిసి చేయిస్తారు. నేనై నేను చేసే పని ఈ ఇంట్లో ఇదొక్కటే. గుద్దుకుంటే గుద్దుకోనీ, నేను గుద్దుతాను!"

ఆ తర్వాత ఆ పలకను నేను ముట్టుకోలేదు.

మాలో చలికాలం మాంసానికి గుర్రాన్ని కోసినప్పుడు బంధువుల్ని పిలవాలి. ఆ ఏడూ పిలిచారు. మర్గులాన్ వచ్చాడు. ఇప్పుడు వాడికి పొట్ట, తోలు కోటు, ఊరి నడిబొడ్డున కుర్రాళ్ళు కంప్యూటరు ఆటలాడుకునే క్లబ్బు. మొదటి కోరిక కింద మోటారుసైకిలు, రెండో కోరిక కింద వేటకుక్కను ఎప్పుడో పట్టుకుపోయాడు. మాంసం తిని మూతి తుడుచుకుంటూ లోపలి గదిలోకి తొంగి చూశాడు. జేనెప్ పలక ముందు కూర్చుని ఉంది, దీపాలన్నీ వెలుగుతున్నాయి.

"అబ్బ! మావయ్యా, ఇది మీరు చేశారా? దేశంలో ఎక్కడా ఉండదిలాంటిది!" అని వాడు ఈలవేశాడు. తర్వాత బల్ల దగ్గరికొచ్చి అందరూ వింటుండగా, "మావయ్యా, నా మూడోది మిగిలే ఉంది. ఇదే నా మూడోది" అన్నాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా చెంచాలు దించి యెసెన్‌తాయ్ వంక చూశారు.

"ఒరేయ్, గుర్రం మాంసం నీ కళ్ళకి గానీ అడ్డం పడిందిరా? అది ఎవరి ముందుందో చూశావా?" అన్నాను నేను.

"ఏంటి పిన్నీ, మీరూ! మావయ్య చేతిలో పనే కదా, ఇంకోటి చేస్తారు. అత్తయ్యకి కాలక్షేపానికి ఏదైనా ఒకటేగా?"

వాడు చెడ్డవాడు కాడు. దాంతోనే వచ్చింది చిక్కంతా. చెడ్డవాడైతే చీపురు తిరగేసేదాన్ని.

యెసెన్‌తాయ్ లేచి నిలబడ్డాడు. మేనల్లుడి ముందు మేనమామ 'లేదు' అనడం నేను చూడడం అదే మొదలు. "లేదురా. అది తప్ప. కారు తీసుకుపో" అన్నాడు. ముసలి బంధువులు తల వంచుకున్నారు.

లోపల్నించి జేనెప్ గొంతు వినిపించింది.

"ఇచ్చెయ్."

"నువ్వూరుకో."

"ఇచ్చెయ్యమంటుంటే! నా చేత్తో ఇస్తున్నాను. బాబూ మర్గులాన్, ఇలా రా. మనస్ఫూర్తిగా ఇస్తున్నాను, తీసుకో."

వాడు ఆమె నుదురు ముద్దుపెట్టుకుని పలకను దుప్పట్లో చుట్టి పట్టుకుపోయాడు. ఈమెకి మతి పోయిందా అని నేను పళ్ళు కొరుక్కున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్తే ఆమె బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా సగం నింపిన టీ గిన్నె. యెసెన్‌తాయ్ గోడకానుకుని నిలబడ్డాడు.

"రాబిగా, నా చెయ్యెత్తి గిన్నె మీద పెట్టు. తర్వాత వదిలెయ్."

పెట్టాను, వదిలాను. ఆమె కళ్ళు మూసుకుని పట్టుకోబోయింది. వేళ్ళు గడగడా వణికాయి. గిన్నె బోర్లాపడి టీ అంతా ఆమె ఒడిలోకి కారింది. నేను గుడ్డ కోసం లేవబోతే, ఉండమంది.

"అయితే అందువల్ల కాదన్నమాట" అంది.

"ఏది?"

"ఆ దెబ్బ. వాడికి బాకీ తీర్చేస్తే పోతుందనుకున్నాను. వాడు అడిగింది కాదనకుండా ఇస్తే... ఇన్నేళ్ళూ తప్పు చేశాను, అనుభవిస్తున్నాను అనుకుని ఓర్చుకున్నానే. ఏ తప్పూ లేకుండా ఇలా అయితే, ఇంక నేను ఎవర్ని బతిమాలుకోను?"

నేను గుడ్డ తెచ్చి ఆమె ఒడి తుడిచాను.

యెసెన్‌తాయ్ కొత్త రేకు తెచ్చాడు. ఆమె వద్దంది. మళ్ళీ తెస్తే అన్నం మానేసింది. నేను క్లబ్బుకెళ్ళి అడిగి తెస్తానంటే ఆయన నా దారికి అడ్డం నిలబడ్డాడు. "ఆమె నలుగురిలో ఇచ్చింది. అడిగి తెస్తే ఆమె మాట పోతుంది. ఇప్పుడు ఆమెకున్నది ఆ మాటే" అన్నాడు. చలికాలమంతా ఆమె దుప్పటి మీద వేళ్ళు కదుపుతూ ఉండేది. ముందు ఎడమ వరుస, తర్వాత మీట, చివర్న పెద్ద బొత్తాం. ఆ వరస చూడగానే మనసులో నౌక నడుపుతోందని నాకు తెలిసిపోయేది. నేను నౌక ఎక్కడిదాకా వచ్చిందని అడగలేదు.

మంచు కరిగే రోజుల్లో ఆ వేళ్ళు కదలడం మానేశాయి. అప్పుడింక నేను ఎవరి మాటా వినలేదు. క్లబ్బుకి వెళ్ళి, కుర్రాళ్ళందరి ముందు మర్గులాన్‌ను కడిగేశాను. పలక మూలన ఉంది, దాని మీటకి ఎవరిదో కోటు వేలాడుతోంది.

"ఆ రోజు బాల్కనీలో నిన్ను కొట్టినందుకే చేతులిలా అయ్యాయని నమ్మిందిరా ఆ పిచ్చిది! అందుకిచ్చింది నీకు!"

వాడు తెల్లమొహం వేశాడు. "ఏ బాల్కనీ పిన్నీ? నన్ను అత్తయ్య కొట్టిందా? ఎప్పుడు?"

వాడికి గుర్తు కూడా లేదు.

ఆ గంటలోనే వాడు పలక మోసుకుంటూ వచ్చాడు. "ఇచ్చింది వెనక్కి తీసుకోవడం కాదు అత్తయ్యా, ఇది నేను మీకిస్తున్న కానుక" అన్నాడు, ముక్కు ఎగబీలుస్తూ. ఆమె చాలాసేపు పలక వంక చూసి, తర్వాత మొగుడి వంక చూసి తలూపింది. యెసెన్‌తాయ్ గబగబా కూర్చుని, తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మెత్తటి స్ప్రింగు వేశాడు. ఊదితే కదిలేంత మెత్తన. తెర మీద నౌకను స్టేషనుకు ఆనించి పెట్టాడు. ఇంక పెద్ద బొత్తాం ఒక్కటే మిగిలింది. ఆమె వేలు తీసి దాని మీద పెట్టాడు.

ఆమె పెదవి కొరుక్కుంది. నుదుటి మీద చెమట పట్టింది. మర్గులాన్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు. నా చేతులు వాటంతటవే పైకి లేచి, కిందికి, కిందికి అని సైగ చేస్తున్నాయి. వేలు కదల్లేదు.

యెసెన్‌తాయ్ ఎడమ చెయ్యి పలక వెనక్కి వెళ్ళడం నాకు కనిపించింది. అక్కడ రెండు తీగలు కలిపాడు. పచ్చదీపం వెలిగింది. తెర మీద నౌక స్టేషన్ని పట్టుకుంది.

"చూశావా జేనెప్! నొక్కావు!" అన్నాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. మర్గులాన్ చప్పట్లు కొట్టాడు.

ఆమె దీపం వైపు చూసింది. తర్వాత తన వేలు వైపు చూసింది. తలల మీద రాగి బాన ఆపిన మనిషికి తన చెయ్యి ఏం చేసిందో, ఏం చెయ్యలేదో తెలియదా?

"ఏమయ్యా, అది నేను నొక్కలేదు" అంది మెల్లగా. "నువ్వు కూడానా?"

ఆయన తీగలు విడదీశాడు. దీపం ఆరిపోయింది.

జేనెప్ తన మొహం గోడవైపు తిప్పమని అడిగింది. అదీ మేమే తిప్పాం.